చిటికెన వేలికి చోటున్న షూ కోసం

నా పాదం పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ. ఇంట్లో వట్టికాళ్లతో, బడికి హవాయి చెప్పులతో పెరిగిన పాదాలు. వేళ్లు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని ఉంటాయి. చెప్పులతో ఎప్పుడూ పేచీ రాలేదు. విశాఖ బీచ్ రోడ్డు మీద 5 కిలోమీటర్లు పరిగెత్తి ఇంటికొచ్చినన్నాళ్లు షూస్‌తోనూ రాలేదు. నేవీ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చి, ఆదివారం పరుగుని 10, 12, 14 కిలోమీటర్లకు పెంచుకుంటూ పోయేసరికి మొదలైంది గొడవ.

ఎనిమిదో కిలోమీటరు దాటాక చివరి రెండు వేళ్లు తిమ్మిరెక్కేవి. ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరి, కురుసుర సబ్‌మెరైన్ దాటి, లాసన్స్ బే మీదుగా తెన్నేటి పార్కు వైపు ఎక్కేటప్పుడు పర్వాలేదు. తిరుగు దారిలో పల్లం రాగానే పాదం ముందుకు జారి బొటనవేలు షూ కొనకి కొట్టుకునేది. కొన్నాళ్లకి గోరు నల్లబడింది. మా వదిన చూసి "తలుపు సందులో పెట్టుకున్నావా ఏంటి?" అంది.

పైకి చూస్తే షూ శుభ్రంగానే ఉంది. చిటికెన వేలి దగ్గర మాత్రం పైనుండే జాలీ గుడ్డ ఉబ్బి, దారాలు లేచాయి. మాతో పరిగెత్తే కుర్రాళ్లలో ఒకతను ఫిజియోథెరపిస్టు. షూ చేతిలోకి తీసుకుని, ఆ ఉబ్బు మీద వేలు పెట్టి, "గోరు సంగతి తర్వాత చూద్దాం అక్కా, ముందు ఇక్కడ చూడండి. మీ పాదం షూ చించుకుని బయటికొస్తోంది" అన్నాడు.

కొలత తీసుకునే పద్ధతి కూడా అతనే చెప్పాడు. సాయంత్రం కొలవాలి. రోజంతా నిలబడ్డాక పాదం కాస్త ఉబ్బుతుంది, దూరం పరిగెత్తినప్పుడు ఇంకాస్త ఉబ్బుతుంది. నాది నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం కాబట్టి స్కూలు నుంచి రాగానే మొదలుపెట్టాను. గోడకి ఆనించి నేల మీద ఒక తెల్లకాగితం. మడమ గోడకి తగలాలి, కాలికి పరుగులో వేసుకునే సాక్సే ఉండాలి, బరువంతా ఆ కాలి మీదే వెయ్యాలి. మనమే వంగి గీసుకుంటే బరువు పక్కకి పోతుంది కాబట్టి మా అమ్మాయిని గీయమన్నాను. పెన్సిలు నిటారుగా పట్టుకోవాలి. పెన్సిలు పాదం కిందికి వాలితే గీత లోపలికొచ్చి, లేని నాజూకుతనం తెచ్చిపెడుతుంది.

ఎడమ పాదం 24 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. కుడిది దానికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. చాలామందికి రెండు పాదాలూ సమానంగా ఉండవట, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు ఇంచుమించు 10. పాత షూలోంచి ఇన్‌సోల్, అంటే అరికాలి కింద ఉండే మెత్త, ఊడదీసి ఆ బొమ్మ మీద పెట్టాను. పొడవులో అర సెంటీమీటరు కూడా మిగల్లేదు. వెడల్పు వైపు చూస్తే చిటికెన వేలు గీత మొత్తం ఇన్‌సోల్ అంచుకి బయటే ఉంది. తిమ్మిరి ఎందుకొస్తోందో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

షూస్‌కి పొడవుతో పాటు వెడల్పులోనూ సైజులుంటాయన్న మాట మన షాపుల్లో వినిపించదు. అమెరికా లెక్కలో ఆడవాళ్ల మామూలు వెడల్పు బి, మగవాళ్లది డి. ఆ పైన ఆడవాళ్లకి డి, 2ఇ, మగవాళ్లకి 2ఇ, 4ఇ అని వెళ్తాయి. న్యూ బ్యాలెన్స్, బ్రూక్స్, ఆసిక్స్ లాంటి కంపెనీలు కొన్ని మోడళ్లలో ఈ వెడల్పులన్నీ తయారుచేస్తాయి. మన అరల్లోకి వచ్చేది మాత్రం ఎక్కువగా మామూలు రకమే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను కొలిపించింది. భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే మొత్తం మీద వెడల్పని తేలింది. దాన్నిబట్టి 'భ' పేరుతో మనకంటూ సొంత సైజుల పద్ధతి ఉండాలని ప్రతిపాదించారు కూడా. నేను తిరిగిన షోరూముల్లో ఇంకా యూకే సైజులే నడుస్తున్నాయి. అయినా ఆ సర్వే గురించి చదివాక, తేడా నా పాదంలో లేదని కాస్త ధైర్యం వచ్చింది.

ఆ యూకే సైజైనా ఒక మాట మీద ఉంటుందా అంటే అదీ లేదు. 25 సెంటీమీటర్ల లేడీస్ షూ మీద ఒక కంపెనీ 5.5 అని వేస్తుంది, ఇంకో కంపెనీ 6 అని వేస్తుంది. అందుకే షాపులో "నా సైజు ఇంత" అనడం మానేశాను. షూ నాలుక వెనక చిన్న లేబుల్ కుట్టి ఉంటుంది. అందులో సీఎం అనో జేపీ అనో ఉన్న అంకె సెంటీమీటర్ల లెక్క. పాదం కంటే ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర ఎక్కువుండేవే తీయమనేదాన్ని.

సిరిపురం, ద్వారకానగర్ వైపు షోరూములన్నీ సాయంత్రాలే తిరిగాను. జేబులో పరుగు సాక్సులు, బ్యాగులో పాత షూ, మడిచిపెట్టిన పాదం బొమ్మ. ఆ కాగితం తీసి టీపాయ్ మీద పరిస్తే కొందరు కుర్రాళ్లు నవ్వేవారు. కాసేపటికి వాళ్లే ఆసక్తిగా ఒక్కో మోడల్ ఇన్‌సోల్ తీసి దానిమీద పెట్టి చూసేవారు.

ఒకచోట ట్రెడ్‌మిల్, వెనక కెమెరా ఉన్నాయి. నిమిషం పాటు పరిగెత్తించి, నా చీలమండ లోపలికి వాలుతున్న వీడియో చూపించి, "మీది ఫ్లాట్ ఫుట్ మేడమ్, స్టెబిలిటీ షూ తప్పనిసరి. మామూలుది వేసుకుంటే మోకాళ్లు పోతాయి" అన్నాడు అక్కడ అమ్మే కుర్రాడు. మోకాళ్ల మాట ఎత్తితే ఎవరికైనా టెన్షనే. పాదం లోపలికి వాలకుండా ఆపుతుందనే ఆ స్టెబిలిటీ షూ వేసి చూశాను. లోపలి వైపు ఏదో గట్టిగా ఒత్తుతోంది. ధర 14 వేల పైమాటే. ఆలోచించుకుని వస్తానని బయటపడ్డాను.

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, ఈ లోపలికి వాలడం మీద ఉన్నంత భయం అనవసరమని. డెన్మార్క్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 900 మందికి పైగా మనుషులకు ఒకే రకం మామూలు షూ ఇచ్చి ఏడాది పాటు గమనించారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో, పాదం ఓ మోస్తరుగా లోపలికి వాలేవాళ్లకు దెబ్బలు ఎక్కువ తగల్లేదు. అమెరికా సైన్యంలో పాదం వంపుని బట్టి రకరకాల షూస్ ఇచ్చి చూసినా పెద్ద తేడా కనిపించలేదు. కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఇదే పని చేసిన బెన్నో నిగ్ అనే ఆయన 2015లో సహచరులతో కలిసి రాసిన పత్రంలో, ఎవరి పాదానికి ఏది హాయిగా అనిపిస్తే దాన్నే ఎంచుకోవడం మంచి దారి కావచ్చన్నాడు. ఇది వైద్యం కాదు. ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్లు డాక్టరుకో ఫిజియోకో చూపించుకోవాల్సిందే. నాకు నొప్పి మోకాళ్లలో లేదు, వేళ్లలో ఉంది. అమ్మేవాడు మాట్లాడేదంతా మోకాళ్ల గురించి.

ఇక్కడ ఒక మాట. హాయిగా ఉందా లేదా అన్న పరీక్ష పాదంలో స్పర్శ సరిగ్గా ఉన్నవాళ్లకే పనికొస్తుంది. మా గుంపులో అరవై దాటిన ఒక మాస్టారున్నారు, ఏళ్లుగా షుగరు. షూ కరిచినా ఆయనకు తెలీదు, సాక్సుకి రక్తం అంటితేగానీ చూసుకోరు. అలాంటివాళ్లు కాగితం మీద కొలతనే నమ్మాలి. ఇంటికొచ్చాక పాదమంతా కళ్లతో చూసుకోవాలి, షూ వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడుముకోవాలి.

లేడీస్ వరుసలో ఏది వేసినా అదే కథ. వెడల్పు కోసం ఒక సైజు పెంచితే మడమ దగ్గర వదులైపోయి షూ టపటపలాడేది. తగ్గిస్తే గోరు. విసుగొచ్చి, మామూలు వెడల్పే మగవాళ్లకి డి కదా అని గుర్తొచ్చి, "జెంట్స్‌లో 6 ఉందా బాబూ?" అన్నాను.

"సార్‌కా మేడమ్?"

"నాకే."

అతను అయోమయంగా చూశాడు. "మేడమ్, అది జెంట్స్ షూ. లేడీస్‌లో పింక్, లావెండర్, మంచి కలర్లున్నాయి." రంగు నేను చూసేది కాదు, వెనక పరిగెత్తేవాళ్లు చూసేది అన్నాక లోపలికెళ్లి రెండు మోడళ్లు తెచ్చాడు. జెంట్స్ సైజులు మన షాపుల్లో సాధారణంగా 6 నుంచే మొదలవుతాయి. నా అదృష్టం, నాకు కావాల్సింది సరిగ్గా అదే. ఇంకా చిన్న పాదమైతే ఈ దారి కూడా మూసుకుపోయేది.

ఇన్‌సోల్ తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడ్డాను. చిటికెన వేలు మొదటిసారి అంచుకి లోపల ఉంది. ఒక గోరు మందం అంతే, కానీ లోపల ఉంది. మళ్లీ పెట్టించి, రెండు కాళ్లకీ వేసుకుని, లేసులు కట్టుకుని నిలబడ్డాను. కొన దగ్గర బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలంటారు, అది నిలబడి చూసుకోవాలి. కూర్చుంటే పాదం పొట్టిగా ఉంటుంది. లోపల వేళ్లని పియానో వాయించినట్టు ఆడించాను, ఆడాయి. మడమ పైకి లేపితే షూ కూడా జారకుండా దాంతోపాటే లేచింది. అప్పుడు షాపు బయట కారిడార్లో అటూ ఇటూ పరిగెత్తాను. సెక్యూరిటీ ఆయన రెండడుగులు ముందుకేశాడు, షూ ఎత్తుకుపోతున్నానేమోనని. బ్యాగు లోపలే ఉంచానని చూపించాక తగ్గాడు.

తెచ్చిన రెండింటిలో ఒకటి బాగా ఎత్తుగా, మెత్తగా ఉంది. వేసుకున్న రెండు నిమిషాలు పరుపు మీద నడిచినట్టే. మలుపు తిరిగేటప్పుడు మాత్రం చీలమండ ఊగింది. బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ పలకలు కొన్నిచోట్ల లేచి ఉంటాయి, తెల్లవారుజామున సరిగ్గా కనబడవు. అక్కడ ఈ ఊపు నాకొద్దనిపించింది. రెండోది కాస్త గట్టి. మడమకీ ముందు భాగానికీ మధ్య ఎత్తు తేడా 8 మిల్లీమీటర్లు. దీన్నే డ్రాప్ అంటారు. నా పాత షూకి 10 ఉండేది. సున్నా, నాలుగు మిల్లీమీటర్ల డ్రాప్ ఉన్నవి కూడా దొరుకుతాయి. కానీ ఒక్కసారిగా అంత కిందికి దిగితే పిక్కల మీద, మడమ వెనక స్నాయువు మీద బరువు పడుతుంది. అలవాటైన దానికి దగ్గరగా ఉన్న రెండోదే తీసుకున్నాను.

వేగం కోసం అడుగులో కార్బన్ పలక పెట్టిన షూస్ కూడా చూపించాడు. 20 వేలు దాటాయి. పోటీల్లో రోడ్డు షూ అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య నియమం పెట్టేంత దూరం వెళ్లింది వాటి కథ. కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు తీసుకునే నాకు వాటితో పనిలేదు. నేను కొన్నదానికి 9 వేల చిల్లర అయింది. పాత సంవత్సరం మోడల్, నలుపు మీద ముదురు ఆకుపచ్చ. ఆన్‌లైన్‌లో ఇంకో వెయ్యి తక్కువ కనబడింది. కాళ్లకి తొడిగి చూపించి, కారిడార్లో పరిగెత్తనిచ్చిన కుర్రాడి దగ్గర కొనకుండా ఫోన్లో ఆర్డర్ పెట్టడం నాకు నచ్చదు.

కొత్త షూని నేరుగా ఆదివారం పరుగుకి తీసుకెళ్లలేదు. మొదట ఇంట్లో, తర్వాత మధ్య రోజుల్లో 3, 5 కిలోమీటర్లు, పాతదానితో మార్చి మార్చి. మంచి షూ మొదటి రోజే బాగుండాలి, వాడగా వాడగా సర్దుకుంటుందన్న మాట తోలు చెప్పులకి చెల్లుతుందేమో గానీ వీటికి చెల్లదు. ఇక్కడ మార్చి వేసుకున్నది షూ సాగాలని కాదు, కాలికి కొత్త ఎత్తు అలవాటు కావాలని.

పల్లంలో పాదం ముందుకి జారడం కొంచెం మిగిలింది. దాన్ని లేసు ఆపింది. షూ పైన, చీలమండ దగ్గర, చివర్లో ఒక అదనపు రంధ్రం ఉంటుంది. ఎప్పుడూ ఖాళీగా వదిలేసేవాళ్లం. లేసుని కింది రంధ్రంలోంచి అదే వైపు ఆ పై రంధ్రంలోకి బయటి నుంచి దూరిస్తే చిన్న ఉచ్చు మిగులుతుంది. రెండు వైపులా అలా చేసి, కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి తీసి, కిందికీ వెనక్కీ లాగి ముడి వెయ్యాలి. మడమ వెనక్కి కూర్చుంటుంది. ముందు భాగంలో లేసు మాత్రం వదులుగానే ఉంచుకున్నాను. మొత్తం బిగిస్తే మళ్లీ తిమ్మిరి మొదటికొస్తుంది.

సాక్సుల సంగతి కూడా అప్పుడే తేలింది. మన ఊళ్లో ఉక్క ఎలాంటిదంటే అరగంటకే నూలు సాక్సు పిండితే నీళ్లొస్తాయి. తడిసిన నూలు ముడతపడి, అదే చోట రాసుకుని పొక్కు లేస్తుంది. పాలియెస్టర్, నైలాన్ కలిసిన పల్చటి రన్నింగ్ సాక్సులకి మారాక పొక్కులు పోయాయి. దూరం ఎక్కువున్న రోజు వేళ్ల మధ్య కాస్త వాసెలిన్ రాసుకుంటాను. వానలో తడిసిన షూని ఎండలో పడేయను, వాషింగ్ మెషీన్లో అసలే వేయను. వేడికి జిగురూ ఫోమూ రెండూ పాడవుతాయి. ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత పేపరు కుక్కి, ఫ్యాను కింద పెట్టి, మధ్యలో ఒకసారి పేపరు మారిస్తే మర్నాటికి ఆరిపోతుంది.

హాఫ్ రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. 21 కిలోమీటర్లలో ఎక్కడ అలిసిపోవాలో అక్కడ అలిసిపోయాను, పిక్కలు పట్టేశాయి, ఎండెక్కాక విసుగొచ్చింది. ముగింపు దాటి షూ విప్పితే గోళ్లన్నీ వాటి రంగులోనే ఉన్నాయి. వేళ్ల ధ్యాస ఆ మూడు గంటల్లో ఒక్కసారీ రాలేదు. వదినకి ఫోటో పంపితే "కాళ్ల ఫోటోలు నాకెందుకే" అంది.

ఆ జత ఇప్పుడు 600 కిలోమీటర్లు దాటింది. ఫోన్లో పరుగు లెక్క రాసే యాప్‌లోనే షూ పేరు కూడా పెట్టుకుంటే ఎంత వాడామో అదే కూడుతుంది. సాధారణంగా 500 నుంచి 800 మధ్య మార్చమంటారు. అడుగున రబ్బరు బాగానే కనిపించినా, లోపలి ఫోమ్ ముందే నీరసిస్తుంది. పక్క నుంచి చూస్తే ఫోమ్ మీద అడ్డంగా ముడతలు పడ్డాయి. పరిగెత్తిన మర్నాడు అరికాళ్లలో సన్నటి నొప్పి తెలుస్తోంది. రెండు జతలు మార్చి మార్చి వాడేవాళ్లకి దెబ్బలు తక్కువని లక్సెంబర్గ్‌లో చేసిన ఒక పరిశీలనలో తేలిందని మా ఫిజియో కుర్రాడు గట్టిగా చెప్తాడు. ఈసారి పాతది పూర్తిగా అరగక ముందే ఇంకోటి తీసుకుందామనుకున్నాను.

అదే మోడల్, అదే సైజు అడిగితే కొత్త వెర్షన్ తెచ్చిచ్చారు. పేరు పక్కన అంకె ఒకటి పెరిగింది, ఎత్తు పెరిగింది, ముందు భాగం సన్నబడింది. ఇన్‌సోల్ తీసి నిలబడితే చిటికెన వేలు మళ్లీ అంచు మీదికొచ్చింది. పాత వెర్షన్ మిగిలిన స్టాకులో నా సైజు ఒకే ఒక్కటి, డిస్కౌంట్‌లో ఉందంటే తెచ్చుకున్నాను. ఇంకో షోరూములో ఇంకోటి ఉందని, అదీ తెప్పిస్తానని అన్నాడు, ఒక్కటి చాలన్నాను. పెట్టెలో ఊరికే ఉన్నా ఏళ్లు గడిస్తే ఫోమూ జిగురూ ముసలివవుతాయి. ఇది అరిగేలోపు, వచ్చే ఏడాది, కాగితమూ పెన్సిలూ మళ్లీ బయటికి తీయాలి. ఆలోపు మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిపోతుంది, గీత గీయడానికి వదినని అడగాలి.